ఒక్క దెబ్బ కచేరీ, 639 ఏళ్ల పాట

2007 జులై 16. కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని సెయింట్ జాన్స్ పట్నం. వీధిలో చిన్న వేదిక ముందు జనం మూగారు. 'ద వైట్ స్ట్రైప్స్' బ్యాండులో ఉన్నదే ఇద్దరు: గిటారు వాయించే జాక్ వైట్, డ్రమ్స్ వాయించే మెగ్ వైట్. ఇద్దరూ వేదికెక్కారు. ఒకే ఒక్కసారి గిటారు మోగింది, డ్రమ్స్ మీద దెబ్బ పడింది. అంతే. కెనడాలోని ప్రతి ప్రావిన్సులోనూ వాయించడం దీంతో పూర్తయిందని చెప్పి చక్కా దిగి వెళ్లిపోయారు. (ఆ రాత్రి అసలు కచేరీ వేరే చోట నిండుగానే చేశారు లెండి.) మన దగ్గరైతే కుర్చీలు విరిగేవి. అక్కడి అభిమానులకు మాత్రం జీవితాంతం చెప్పుకోవడానికో కథ దొరికింది.

గిన్నిస్ వాళ్లు దీన్ని అతి చిన్న కచేరీగా పుస్తకంలోకి ఎక్కించి, తర్వాత తీసేశారు. తీసేయక ఏం చేస్తారు? రేపు ఇంకొకడొచ్చి అసలేమీ వాయించకుండా దణ్ణం పెట్టి దిగిపోతానంటే ఆ రికార్డు ఎవరికివ్వాలి?

ఇలాంటి లెక్కలు పోగేయడం నాకు ఏళ్ల తరబడి ఉన్న జబ్బు. మొదట్లో బ్యాండ్ల గొప్ప చెప్పుకోవడానికే పోగేశాను. తీరా పోగుపడ్డాక చూస్తే, సగం లెక్కల్లో అసలు మొనగాళ్లు వేదిక కింద నిలబడినవాళ్లేననిపించింది. చదివి మీరే చెప్పండి.

ఆ ఒక్క దెబ్బకు సరిగ్గా ఎదురు కొస జర్మనీలో ఉంది. హాల్బర్‌స్టాట్ అనే ఊళ్లో సెయింట్ బుర్కార్డి అని ఒక పాత చర్చి. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ఆర్గన్ కోసం రాసిన ఒక రచనను అక్కడ వాయిస్తున్నారు. వీలైనంత నెమ్మదిగా వాయించాలన్నది ఆయన పెట్టిన షరతు. ఆయన పోయాక అభిమానులు, పండితులు కూర్చుని 'వీలైనంత' అంటే ఎంత అని తర్కించారు. ఆ ఊరి పెద్ద చర్చిలో 1361లో ఒక గొప్ప ఆర్గన్ నెలకొల్పారు. అప్పటి నుంచి 2000 దాకా 639 ఏళ్లు. కాబట్టి పాట కూడా 639 ఏళ్లు ఉండాలని తీర్మానించారు. కేజ్ పుట్టినరోజున, 2001 సెప్టెంబరు 5న, మొదలుపెట్టారు. ఆ రచన మొదలయ్యేదే ఒక విరామంతో. అందుకని మొదటి పదిహేడు నెలలూ గాలితిత్తుల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తొలి స్వరం పలికింది 2003 ఫిబ్రవరి 5న! మీటలు లేవకుండా చిన్న చిన్న ఇసుక సంచులు వేలాడదీశారు. కొన్నేళ్లకొకసారి స్వరం మారుతుంది. ఆ రోజు చూడాలని దేశాలు దాటి జనం వస్తారు. 2024 ఫిబ్రవరి 5న ఒకసారి మారింది. ఆ తర్వాతి మార్పుకు రాసిపెట్టిన తేదీ 2026 ఆగస్టు 5. పాట ముగిసేది 2640లో. మంగళం పాడేవాళ్ల ముత్తాతలకు ముత్తాతలు కూడా ఇంకా పుట్టలేదు.

అన్నట్టు, అతి చిన్న పాట ఇంగ్లండు బ్యాండు నేపామ్ డెత్‌ది. 1987 నాటి 'స్కమ్' ఆల్బమ్‌లోది, 1.316 సెకన్లు. తుమ్ముకు ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

741 వారాల మొండితనం

ఆల్బమ్‌ల సంగతికొస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'. 1982 చివర్లో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద అమ్మకాల్లో దాన్ని కొట్టింది లేదు. 1984లో ఒక్క రాత్రి జాక్సన్ ఎనిమిది గ్రామీలు పట్టుకెళ్లాడు. అయితే అమెరికా వరకే లెక్కేస్తే మొదటి స్థానం ఈగల్స్ బ్యాండుది. 1976లో వచ్చిన వాళ్ల 'గ్రేటెస్ట్ హిట్స్' సంకలనానికి 2018లో 3.8 కోట్ల అమ్మకాల ధ్రువీకరణ దక్కింది. 'థ్రిల్లర్' 3.4 కోట్ల దగ్గర ఉంది. నా మాట అడిగితే ఈ పోటీయే తప్పు. పాత హిట్లన్నీ ఏరి ఒక చోట కూర్చిన సంకలనమూ, తొమ్మిది కొత్త పాటలతో ఒక్క ఊపున వచ్చిన ఆల్బమూ ఒకటెలా అవుతాయి? పెళ్లి భోజనానికీ, ఊళ్లోని హోటళ్లన్నిటి నుంచీ తెప్పించిన పార్సిళ్లకూ పోటీ పెట్టినట్టుంది.

నా మొగ్గు మాత్రం పింక్ ఫ్లాయిడ్ వైపే. 1973 మార్చిలో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అమెరికా చార్టులో మొదటి స్థానంలో నిలిచింది ఒకే ఒక్క వారం. కానీ చార్టు వదిలిపోనంది. 1988 నాటికి మొత్తం 741 వారాలు అందులో గడిపింది. అంటే పద్నాలుగేళ్ల పైమాటే. తర్వాత మళ్లీ మళ్లీ తిరిగొచ్చి ఇప్పటికి తొమ్మిది వందల వారాలు దాటేసింది. మొదటి స్థానం హడావిడి ఎవరికైనా దొరకొచ్చు. తండ్రి కొన్న ఆల్బమ్‌ను కొడుకు మళ్లీ డబ్బు పెట్టి కొనడమంటే అది వేరే లెక్క. మా హాస్టల్లో దీని క్యాసెట్టు ఒక్కటే ఉండేది. నాలుగు గదులు తిరిగేది. టేపు చుట్టుకుపోతే పెన్సిల్ దూర్చి తిప్పేవాళ్లం. చివరికి మొదట్లో వచ్చే గుండెచప్పుడు అరిగి అరిగి మూలుగులా వినిపించేది. అది రికార్డింగు గొప్పతనమని చాలాకాలం అనుకున్నాను.

ఆ ఆల్బమ్‌లో ఒక పాటకు మాటలుండవు, ఒక స్త్రీ గొంతు మాత్రం ఆక్రోశంలా ఎగిసిపడుతుంది. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973లో ఒక ఆదివారం పిలిపించి పాడించుకుని 30 పౌండ్లు చేతిలో పెట్టారు. ఆమె 2004లో కోర్టుకెక్కింది. మరుసటేడు రాజీ కుదిరింది. ఆ పాట రచనలో ఇప్పుడు ఆమె పేరు కూడా ఉంటుంది.

ఒక్క రోజులో ఒకటి, పదిహేడేళ్లకు ఒకటి

1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో పొద్దున అడుగుపెట్టి రాత్రి బయటికొచ్చారు. ఆ ఒక్కరోజే పది పాటలు రికార్డు చేశారు. అంతకుముందే విడుదలైన నాలుగు పాటలు వాటికి కలిపితే 'ప్లీజ్ ప్లీజ్ మీ' ఆల్బమ్ తయారు. జాన్ లెనన్‌కు ఆ రోజు గట్టి జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను అందుకే ఆఖరికి అట్టిపెట్టారు. మొదటిసారి పాడిందే ఆల్బమ్‌లో ఉంది. రెండోసారికి గొంతే లేదు. ఆ బొంగురే పాటకు ప్రాణమైంది.

దీని పక్కన గన్స్ అండ్ రోజెస్ 'చైనీస్ డెమాక్రసీ' పెట్టి చూడండి. వాళ్ల సొంత పాటల ఆల్బమ్‌లు అంతకుముందు వచ్చింది 1991లో. ఇది వచ్చింది 2008 నవంబరులో. మధ్యలో గిటారిస్టు స్లాష్ వెళ్లిపోయాడు, ఒకరి తర్వాత ఒకరు పాతవాళ్లంతా దాదాపు ఖాళీ అయ్యారు, గాయకుడు ఆక్సెల్ రోజ్ మిగిలాడు. 2005 నాటికే ఖర్చు కోటీ ముప్పై లక్షల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి. విడుదల కాని ఆల్బమ్‌లలో అత్యంత ఖరీదైనదన్న పేరు అప్పుడే వచ్చేసింది. 2008 ముగిసేలోగా ఆల్బమ్ వస్తే దేశంలో అందరికీ ఉచితంగా డ్రింకు ఇస్తామని అమెరికాలో ఒక శీతల పానీయాల కంపెనీ పందెం కాసింది. రాదన్న ధైర్యం! వచ్చి కూర్చుంది. ఆల్బమ్ మరీ చెడ్డదేం కాదు. కానీ పదిహేడేళ్ల ఎదురుచూపును ఏ పాట మాత్రం మోయగలదు?

పైన చెప్పిన జాక్ వైట్‌కు తొందర ఎక్కువని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. 2014 ఏప్రిల్ 19న నాష్‌విల్‌లో జనం ముందు 'లాజరెట్టో' పాట వాయించాడు. ఆ రికార్డింగును పరుగున ఫ్యాక్టరీకి చేర్చి ప్లేట్లు అచ్చేయించి తెచ్చి, తన దుకాణం ముందు క్యూ కట్టినవాళ్లకు అమ్మాడు. మొత్తం 3 గంటల 55 నిమిషాల 21 సెకన్లు. బిర్యానీకి మాంసం నానబెట్టి దింపేసరికి అంత సమయమూ పడుతుంది.

ఇక ఒకే ఒక్క కాపీ ఉన్న ఆల్బమ్. న్యూయార్క్ ర్యాప్ బృందం వూ-టాంగ్ క్లాన్ ఏళ్ల తరబడి రహస్యంగా తయారుచేసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ షావోలిన్'. నగిషీ పెట్టెలో పెట్టి 2015లో 20 లక్షల డాలర్లకు అమ్మారు. 2103 దాకా వ్యాపారానికి విడుదల చేయకూడదని షరతు. కొన్నది మార్టిన్ ష్క్రెలీ. ఒక మందు ధరను రాత్రికి రాత్రి ఆకాశానికెత్తి అమెరికా అంతటా తిట్లు తిన్న మనిషి. తర్వాత మోసం కేసులో జైలుకు పోతే ప్రభుత్వం ఆల్బమ్‌ను జప్తు చేసి 2021లో 40 లక్షల డాలర్లకు మరొకరికి అమ్మింది. 2024లో టాస్మేనియాలోని మోనా మ్యూజియంలో కొన్ని రోజులు కొందరికి అరగంట మేర వినిపించారు. ఆలోచన గొప్పదే కావచ్చు. కానీ ఎవరూ వినని పాట నా దృష్టిలో బీరువాలోని పట్టుచీరే.

తలకాయల లెక్క

1994 డిసెంబరు 31 రాత్రి బ్రెజిల్‌లోని కోపకబానా బీచ్‌లో రాడ్ స్టూవర్ట్ పాడాడు. 35 లక్షల మంది వచ్చారన్నారు. 1997 సెప్టెంబరులో మాస్కో 850 ఏళ్ల పండుగకు ఫ్రెంచి కళాకారుడు జాన్-మిషెల్ జార్ వాయించాడు. అక్కడా 35 లక్షలే అన్నారు. ఈ అంకెలు చదివినప్పుడు నాకు మన ఎన్నికల సభలు గుర్తొస్తాయి. పోలీసుల లెక్క ఒకటి, పార్టీ లెక్క ఇంకొకటి. పైగా కోపకబానాలో చాలామంది కొత్త సంవత్సరం బాణసంచా కోసం వచ్చినవాళ్లే. టికెట్ లేని చోట తలలు లెక్కపెట్టేదెవరు?

టికెట్టు కొన్నవాళ్ల లెక్కయితే నమ్మొచ్చు. ఇటలీ బయట పెద్దగా పేరు తెలియని వాస్కో రోసీ తన నలభై ఏళ్ల పాటల బతుకును పండుగ చేసుకుంటూ 2017 జులై 1న మోడెనాలో పెట్టిన కచేరీకి 2,25,173 టికెట్లు అమ్ముడయ్యాయి. పాడేది ఇటాలియన్‌లోనే!

టికెట్లు దొరకనివాళ్ల రికార్డు కూడా ఒకటుంది. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 హాల్లో లెడ్ జెప్లిన్ మళ్లీ కలిసింది. 1980లో చనిపోయిన డ్రమ్మర్ జాన్ బోనమ్ స్థానంలో ఆయన కొడుకు జేసన్ కూర్చున్నాడు. హాల్లో పట్టేది సుమారు 20 వేల మంది. అడిగినవాళ్లు 2 కోట్లు. వెయ్యికొకరికి. ఆ మిగతా 999 మంది బాధ నాకు తెలుసు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ వచ్చి నరేంద్ర మోదీ స్టేడియంలో రెండు రోజులూ లక్ష దాటిన జనం ముందు వాయించినప్పుడు, టికెట్ల ఆన్‌లైన్ వరసలో నా ముందు లక్షల మంది ఉన్నారని తెర మీద అంకె చూపించింది. అన్నం తిని వచ్చి చూశాను, అంకె పెద్దగా కదల్లేదు. పడుకున్నాను.

డబ్బు లెక్కలో ఇప్పటికి టేలర్ స్విఫ్ట్‌దే పైచేయి. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా 149 కచేరీలు, కోటి దాటిన ప్రేక్షకులు, 200 కోట్ల డాలర్ల పైన వసూలు. అభిమానులు పూసల కంకణాలు గుచ్చుకొచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మార్చుకునేవాళ్లు. నాకు ఆ కోట్ల కంటే ఈ పూసలే నచ్చాయి.

నిడివిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ది సొంత రికార్డు: 2012 జులై 31న హెల్సింకీలో 4 గంటల 6 నిమిషాలు. అప్పటికి ఆయన వయసు 62. అమెరికన్ బ్యాండు ఫిష్ 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వరసగా పదమూడు కచేరీలు చేసి 237 పాటలు వాయించింది, ఒక్క పాటా రెండోసారి రాలేదు. పదమూడు రోజులూ వెళ్లినవాళ్లున్నారు. రోజుకొక రుచి పేరు పెట్టి డోనట్లు కూడా పంచారు. మన నవరాత్రి కచేరీల్లో ప్రసాదం లాగా.

చెవులు జాగ్రత్త

1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో 'ద హూ' వాయించినప్పుడు, స్పీకర్ల నుంచి 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదైంది. అత్యంత బిగ్గర బ్యాండని గిన్నిస్ ఎక్కించింది. తర్వాత, ఈ పోటీ జనం చెవులు పోగొడుతుందని ఆ విభాగమే ఎత్తేసింది. నా మటుకు ఇంత తెలివైన రద్దు ఇంకోటి లేదు. ఆ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వినికిడి దెబ్బతిన్న సంగతి తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. డీజే బాక్సుల ఎదురుగా చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడే మన ఊరేగింపుల వాళ్లు ఇది చదివితే బాగుండు.

మంచులో, సముద్రం కింద, బూడిద మీద

మెటాలికా 2013 డిసెంబరు 8న అంటార్కిటికాలోని అర్జెంటీనా స్థావరం కార్లీనీలో వాయించింది. ఒక్క ఏడాదిలో ఏడు ఖండాల్లోనూ వాయించిన తొలి బ్యాండుగా గిన్నిస్‌లోకి ఎక్కింది. చూసినవాళ్లు 120 మంది. అక్కడి ప్రకృతికి ఇబ్బంది కలగకుండా స్పీకర్లు పెట్టలేదు, అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చారు. చెవులు చిల్లులు పడే సంగీతానికి పెట్టింది పేరైన బ్యాండు, బయట నిలబడితే గుసగుసలా వినిపించిందన్నమాట!

గాయని కేటీ మెలువా 2006 అక్టోబరులో నార్వే దగ్గర ట్రోల్ గ్యాస్ ప్లాట్‌ఫాం కాలు లోపలికి లిఫ్టులో దిగి, సముద్ర మట్టానికి 303 మీటర్ల కింద పాడింది. విన్నది అక్కడ పనిచేసే కొద్దిమందే. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు విమానం నడిపే లైసెన్సు ఉంది. 2008లో బ్యాండునీ సామానునీ బోయింగ్ 757లో ఎక్కించుకుని తానే నడుపుతూ ప్రపంచ యాత్ర చేశాడు. ఆ యాత్రలో తొలి కచేరీ ముంబయిలోనే.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడ్చేసిన పాంపేయి ఊళ్లోని పాత రంగస్థలంలో పింక్ ఫ్లాయిడ్ 1971లో ప్రేక్షకులు లేకుండా వాయించి సినిమా తీసుకుంది. ఖాళీ మెట్ల ముందు వాయించిన ఆ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 2016 జులైలో మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఈసారి మనుషులున్నారు. ఆ రంగస్థలంలో జనం టికెట్టు కొని కూర్చోవడం పంతొమ్మిది వందల ఏళ్ల పైచిలుకు తర్వాత అదే మొదలు.

వినేవాళ్ల రికార్డులు

ఇక నా అసలు సరుకు.

మైక్ మిలార్డ్ అనే కాలిఫోర్నియా అభిమాని 1970లలో లాస్ ఏంజెలెస్ కచేరీలకు చక్రాల కుర్చీలో వెళ్లేవాడు. నడవలేక కాదు. కుర్చీ కింద బరువైన టేపు రికార్డరు దాచుకోవడానికి! 1977 జూన్ 21న లెడ్ జెప్లిన్ కచేరీని అతను దొంగతనంగా రికార్డు చేసిన టేపును అభిమానులు ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. తప్పే, కాదనను. కానీ ఆ టేపు లేకపోతే ఆ రాత్రి అలా మన దాకా వచ్చేది కాదు.

గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు దీన్ని తలకిందులు చేసింది. కావాలంటే రికార్డు చేసుకోండి, మార్చుకోండి, అమ్మకండి అంది. 1984లో రికార్డు చేసుకునేవాళ్లకు విడిగా టికెట్లిచ్చి చోటు కేటాయించింది. మైకుల కర్రలు చెరుకుతోటలా లేచేవి. ముప్పై ఏళ్లలో 2,300 కచేరీలకు పైగా చేసిన ఆ బ్యాండును రికార్డు చేసినంతగా మరెవర్నీ జనం రికార్డు చేసుకోలేదనడం అతిశయం కాదు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో వాళ్ల కచేరీ టేపును అమెరికా జాతీయ రికార్డింగుల భాండాగారంలోకి తీసుకున్నారు.

2015 జులై 26న ఇటలీలోని చెజేనా ఊళ్లో వెయ్యిమంది ఒక పార్కులో చేరి ఫూ ఫైటర్స్ పాట 'లర్న్ టు ఫ్లై' ఒకేసారి వాయించారు, పాడారు. డ్రమ్స్ వాళ్లే వందల్లో ఉన్నారు. కోరిక ఒక్కటే: బ్యాండు మా ఊరు రావాలి. ఆ వేసవిలోనే స్వీడన్‌లో వేదిక మీంచి పడి కాలు విరిగితే, కట్టు కట్టించుకొచ్చి మిగతా కచేరీ పూర్తిచేసిన మనిషి ఆ బ్యాండు గాయకుడు డేవ్ గ్రోల్. వీడియో చూసి ఇటాలియన్ భాషలో వస్తున్నానని జవాబిచ్చాడు. నవంబరు 3న వచ్చి వాయించాడు.

మన దేశంలో ఈ పిచ్చికి రాజధాని షిల్లాంగ్. లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తున్నాడు. 2007 అక్టోబరు 26న ఆ ఊళ్లోనే 1,730 మంది గిటార్లతో డిలన్ పాట ఒకేసారి వాయించి గిన్నిస్ రికార్డు కొట్టారు. తర్వాత పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్ దాన్ని దాటేసింది. అక్కడ ఏటా మే 1న గిటారిస్టు హెండ్రిక్స్ 'హే జో' వాయిస్తారు. 2019లో 7,423 గిటార్లు లెక్కతేలాయి.

తెలుగువాళ్ల పేజీ కూడా ఉంది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కీరవాణి తాను కార్పెంటర్స్ వింటూ పెరిగానన్నారు. మనవాళ్లలో కొందరు వడ్రంగుల చప్పుడు అనుకున్నారు! 1970ల అమెరికన్ అన్నాచెల్లెళ్ల జంట అది, రిచర్డ్, కారెన్. కారెన్ 1983లోనే పోయింది. రిచర్డ్ తన కుటుంబంతో కలిసి కీరవాణికీ, ఆస్కార్ పాట రాసిన చంద్రబోస్‌కీ అభినందనగా పాట పాడి పంపాడు. అది చూసి కన్నీళ్లు ఆగలేదని కీరవాణి చెప్పారు. ఆస్కార్లు చాలామందికి వచ్చాయి, ఇలాంటి జవాబు ఎంతమందికి వచ్చింది? 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ బెంగళూరు వేదిక మీద శిల్పారావుతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' తెలుగులోనే పాడాడు. ఉచ్చారణకు మార్కులు వేయకండి.

ఆఖరిది, అన్నిటికంటే దూరం పోయిన రికార్డు. 1977లో వోయేజర్ అంతరిక్ష నౌకలు రెండింటికీ బంగారు పూత పూసిన రాగి ప్లేటు ఒక్కొక్కటి బిగించి పంపారు. 27 సంగీత ఖండికలు. బాఖ్ ఉన్నాడు, చక్ బెర్రీ 'జానీ బి. గుడ్' ఉంది, మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి ఉంది. 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. మనుషులు చేసిన వస్తువుల్లో నేటికి అత్యంత దూరాన ఉన్నది వోయేజర్-1. ప్లేటు తిరగాల్సిన వేగం నిమిషానికి 16⅔ చుట్లు. ఎవరికైనా దొరికితే వినడానికి ఇబ్బంది పడకూడదని పక్కనే ముల్లు కూడా పెట్టి పంపారు.